నాకు తెలిసిన ఒక స్త్రీ

పాస్టరు అయ్యగారికి మూడు నెలలు విశ్రాంతి ఇస్తున్నామని సంఘ పెద్ద మైకులో చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారి భార్య, పాస్టరమ్మ కూడా కొట్టింది. కొట్టకపోతే అందరికీ కనిపిస్తుంది మరి. ఆమె కూర్చునేది కీబోర్డు ముందు, వేదికకు ఎడమ పక్కన, జనానికి ఎదురుగా. అక్కడ కూర్చున్న మనిషికి ఆవులింత వచ్చినా మింగుకోవాలి, ఏడుపొచ్చినా మింగుకోవాలి, కోపమొస్తే చెప్పనే అక్కర్లేదు.

ఆ సంఘ పెద్దను వెనకాల అందరూ గడియారం అంటారు. మొదటి బెంచీలో కూర్చుని, ప్రసంగం మొదలైన దగ్గర్నుంచీ మణికట్టు తిప్పి చూసుకుంటూ ఉంటాడు. ఆయనే కాగితం చూడకుండా, గొంతు సవరించుకుని ప్రకటించాడు. "విశ్రాంతి, కుటుంబం, విశ్వాసం. ఈ మూడు నెలలూ అయ్యగారికి ఈ మూడే పనులు. ఎవరూ ఆయన్ని కదిలించకండి. ఫోన్ చేయకండి. తలుపు కొట్టకండి."

తలుపు ఒక్కటే కదా అని ఎవరూ ఆలోచించలేదు. ఆ తలుపు వెనక ఇంకో మనిషి కూడా ఉంటుందని అసలే ఆలోచించలేదు.

ఈ విశ్రాంతి ఎందుకొచ్చిందో చెప్పాలి. దానికి కొన్నాళ్ళ ముందు ఒక ఆదివారం అయ్యగారు వేదికెక్కి, వాక్యం చదివి, తలెత్తి, ఇక మాట్లాడలేదు. చేతులు బల్ల మీద ఆనించి అలా నిలబడిపోయాడు. ఇదేదో ప్రసంగంలో భాగమనుకుని కొందరు భక్తిగా తలలు దించారు. గడియారం మణికట్టు చూసుకున్నాడు. పాస్టరమ్మ మాత్రం ఆయన మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. అది భక్తి కాదు, భయం. ఏం చేయాలో తోచక, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ముగింపు పాట మొదలుపెట్టేసింది. ఆ గుడిలో ఒక అలవాటుంది. ముగింపు పాట మొదటి చరణం వాయిస్తే చాలు, ఎవరేం చేస్తున్నా లేచి నిలబడతారు. చంకలో నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని మరీ లేస్తారు. ఆ రోజూ అలాగే లేచారు, పాడారు, ఇళ్ళకు పోయారు. అయ్యగారికి ఆత్మ నిండి మాట రాలేదని చెప్పుకున్నారు. పాట వాయించిన మనిషి గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. డాక్టరు రక్తపోటు అన్నాడు, నిద్ర లేదన్నాడు, పనిలోంచి కొన్నాళ్ళు తప్పుకోమన్నాడు. ఆ మాట పట్టుకుని పెద్దలు మూడు నెలలు రాసిచ్చారు.

సోమవారం నుంచే మొదలైంది. వాళ్ళుండే ఇల్లు గుడి వెనకే, గోడకు గోడ ఆనుకుని ఉంటుంది. అయ్యగారి ఫోన్ పెద్దల మాట ప్రకారం కట్టేశారు కాబట్టి ఆ ఫోన్లన్నీ పాస్టరమ్మ ఫోన్‌కే మళ్ళాయి. తలుపు దగ్గరికొచ్చేవాళ్ళు గొంతు తగ్గించి అడిగేవారు.

"అయ్యగారు పడుకున్నారా అమ్మగారూ?"

"పడుకున్నారు."

"అయ్యో, లేపకండి. పాపం, ఆయన్ని కదిలించడం ఎందుకు? మీరే ఒక్క మాట ప్రార్థన చేసెయ్యండి. మా ఆయనకు ఉద్యోగం పోయింది."

ఒక్క మాటట. పోయిన ఉద్యోగానికి ఒక్క మాట, పడని కోడలికి ఒక్క మాట, ఆస్పత్రిలో ఉన్న తల్లికి ఒక్క మాట. ప్రతి ఒక్క మాట వెనకా ఒక గంట ఏడుపు, ఒక కప్పు టీ. అయ్యగారు చేసేటప్పుడు ఇవన్నీ పరిచర్య. ఆమె చేసేటప్పుడు ఇవి "మీరే ఒకసారి చూసెయ్యండి." పైగా ప్రతి ఆదివారం బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చేవాడు. ఆయన భోజనం ఎక్కడా అని అడిగితే గడియారం చేతులు దులుపుకున్నాడు. "ఇంకెక్కడ, మన పాస్టరమ్మగారి దగ్గరే. ఆవిడకు అలవాటే కదా."

అలవాటే. ఈ ఒక్క ముక్క వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమెకంటూ ఒక పేరుంది. పెళ్ళికి ముందు ఒక బళ్ళో సంగీతం చెప్పేది, పిల్లలు ఆ పేరుతోనే పిలిచేవారు. ఇప్పుడు ఆ పేరు బ్యాంకులో తప్ప ఎక్కడా వినపడదు.

అయ్యగారు మాత్రం నిజంగానే విశ్రాంతి తీసుకున్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. మొదట్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. తర్వాత లేచి ఇల్లంతా తిరిగాడు, అద్దెకు దిగిన కొత్తాయన గదులు చూసుకుంటున్నట్టు. వంటింట్లో కుళాయి కారుతోందని కనిపెట్టాడు. అది కారబట్టి రెండేళ్ళు, ఆమె ఆయనకు చెప్పీ రెండేళ్ళు. కాలు ఊగుతున్న కుర్చీ ఒకటి కనిపెట్టాడు. దాని మీద ఎవరూ కూర్చోకూడదని ఇంటికొచ్చే అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఒకరోజు వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుని, పెద్ద విశేషం చెప్పబోతున్నట్టు ఆమె వంక చూశాడు.

"మనం మాట్లాడుకుని ఎన్నాళ్ళయింది?"

"మాట్లాడండి, వింటున్నాను."

"అలా గిన్నెలు తోముతూ కాదు. కూర్చుని."

"నేను కూర్చుంటే వచ్చే ప్రసంగీకుడికి వడ్డించేదెవరు?"

"నువ్వెప్పుడూ ఇంతే. ఒక్క క్షణం నిలకడగా ఉండవు," అని నవ్వి, ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆమె గిన్నె అడుగు అంటిన చోటే పీచుతో అరగదీస్తూ ఉండిపోయింది. ఆ గిన్నె కూడా ఎదురు చెప్పలేదు.

అసలు ఆమె కోపం ఇదంతా కాదు. ఇది పైపైన పొంగేది. అడుగున ఉన్నది కూతురి సంగతి.

వాళ్ళకు ఒక్కతే కూతురు. చిన్నప్పటి నుంచీ గుడిలో మూడో బెంచీ ఆ పిల్లది. చీకటంటే భయమని ఒకసారి తండ్రి చెవిలో చెప్పుకుంది. ఆ ఆదివారమే వేదిక మీద నుంచి వినిపించింది. "నాకు తెలిసిన ఒక చిన్నపాప ఉంది. ఆ పాపకు చీకటంటే భయం." జనమంతా మూడో బెంచీ వైపు తిరిగి ముచ్చటగా నవ్వారు. కొంచెం పెద్దయ్యాక పరీక్ష తప్పింది. మార్కుల కాగితం ఫ్రిజ్ వెనక దాచింది. "నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది," అన్నాడు తండ్రి. తలలన్నీ తిరిగాయి. ఇంకొంచెం పెద్దయ్యాక, ఇష్టపడ్డ అబ్బాయి కాదన్నాడని తలుపేసుకుని ఏడ్చింది. "నాకు తెలిసిన ఒక యువతి..." ఈసారి ఎవరూ నవ్వలేదు, జాలిగా చూశారు. అది ఇంకా అన్యాయం. పాస్టరమ్మ ఆ మధ్యాహ్నమే మొగుణ్ణి నిలదీసింది. ఆయనకు అర్థమైతేగా.

"నేను పేరు చెప్పానా?" అన్నాడు.

"మీకు తెలిసిన అమ్మాయిలు ఇంకెందరున్నారు ఈ ఊళ్ళో?"

"ఎంతమందికి కన్నీళ్ళొచ్చాయో చూశావా? ఎంతమందికి మేలు జరిగిందో?"

అందరికీ మేలు జరిగింది. పిల్ల మాత్రం నోరు కట్టేసుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పిల్ల తండ్రితో అన్న మాటల్ని పోగేస్తే "బాగానే ఉన్నాను నాన్నా" అన్నదొక్కటే మిగులుతుంది. చదువుకుని, రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని ఊరికి అటు చివర ఉంటోంది. ఆదివారాలు డ్యూటీ ఉందంటుంది. మా అమ్మాయి మితభాషి అని అయ్యగారు నలుగురికీ మురిపెంగా చెప్పుకునేవాడు. వింటున్న పాస్టరమ్మ పళ్ళు నూరుకునేది.

కిందటేడు కూతురికి కడుపు వచ్చి నిలవలేదు. తల్లికి ఒక్కదానికే చెప్పింది. "నాన్నకి చెప్పొద్దమ్మా. చెబితే ఆ మాట నాకు మైకులో తిరిగొస్తుంది." తల్లి ఏడాది పాటు ఆ మాట కడుపులో పెట్టుకుని, అదే మొగుడికి వడ్డించి, అదే మొగుడి పక్కన కీబోర్డు వాయించింది. కన్న తండ్రికి చెప్పుకోలేని ఇల్లు ఏం ఇల్లని ఒక్కతే ఉన్నప్పుడు గోడల్ని అడిగేది.

విశ్రాంతి సగం గడిచాక ఒకరోజు కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న నిజంగానే ప్రసంగాలు మానేశాడా?"

"మానేశారు. కుర్చీలు బాగుచేస్తున్నారు."

"అయితే చేతిలో మైకు లేదన్నమాట. వస్తాను. మాట్లాడాలి."

మధ్యాహ్నం వచ్చింది. అయ్యగారు పెరటి మెట్ల మీద కుర్చీని తలకిందులుగా పెట్టుకుని ఊగే కాలికి జిగురు పూస్తున్నాడు. కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది. వంటింటి కిటికీ అటువైపే ఉంటుంది. వినకూడదని పాస్టరమ్మ అనుకోను కూడా అనుకోలేదు. కుళాయి కట్టేసి మరీ విన్నది.

పిల్ల మెల్లగా అంతా చెప్పింది. పోయిన బిడ్డ సంగతి చెప్పింది. అప్పటి నుంచీ ప్రార్థన రావట్లేదని చెప్పింది. "కళ్ళు మూసుకుంటే ఏమీ ఉండదు నాన్నా. నోరు తెరుస్తాను, మాట ఉండదు. ఎవరితో మాట్లాడుతున్నానో కూడా తెలియదు. పాస్టరు కూతుర్ని, ఈ మాట ఎవరితో అనగలను?"

ఇప్పుడు మొదలుపెడతాడు చూడు అనుకుంది తల్లి. ఆయన దగ్గర ప్రతి నొప్పికీ ఒక వాక్యం, ప్రతి వాక్యానికీ ఒక కథ సిద్ధంగా ఉంటాయి. మొదలుపెడితే ఇవాళ ఈ చేతిలో ఉన్న గరిటె ఆగదు అనుకుంది కూడా.

ఆయన జిగురు సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు. "నాకూ రావట్లేదమ్మా. ఎన్నాళ్ళ నుంచో రావట్లేదు. ఆ రోజు వేదిక మీద నోరు పడిపోయింది అందుకే. రక్తపోటని డాక్టరన్నాడు, నేనూ సరే అన్నాను."

జిగురు ఆరేదాకా కుర్చీ కాలిని ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కూర్చున్నారు.

పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎంత సంతోషం వేసిందో అంత కోపమూ వచ్చింది. పక్కలో పడుకునే మనిషి, ఇంత మాట ఆమెకెప్పుడూ చెప్పలేదే. ఆయన వదిలేసిన ప్రార్థనలన్నీ తలుపు దగ్గర నిలబడి ఆమే చేస్తోంది కదా. తనకు వస్తున్నాయో లేదో ఎవరైనా అడిగారా? అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. ఆ సంగతి ఆలోచించే తీరికే లేకపోయింది.

వెళ్ళేటప్పుడు కూతురు గేటు దగ్గర ఆగింది. "అమ్మా, మొహం మీదే చెప్పాను నాన్నకి. ఇది వేదికెక్కిందంటే నేను మళ్ళీ ఈ గడప తొక్కను. నిన్ను చూడాలన్నా బయటే చూస్తాను."

"ఏమన్నారు?"

"సరే అన్నాడు."

ఆయన సరేల విలువ పాస్టరమ్మకు తెలుసు. కుళాయికీ సరే అనే అన్నాడు రెండేళ్ళ కింద. అయినా పిల్ల మొహంలో ఎన్నో ఏళ్ళ తర్వాత తేట కనిపించింది. ఆ తర్వాత రెండుమూడు సార్లు వచ్చింది. తండ్రీ కూతుళ్ళు పెరట్లో కూర్చుని ఏవేవో చెప్పుకున్నారు, ఒకసారి పగలబడి నవ్వుకున్నారు. ఆ నవ్వు వినడానికి పాస్టరమ్మ ఇంకో వందమందికైనా టీ పెట్టి ఉండేది. ఇదిగో, ఇదే పోతుందేమోనని ఆమె భయమంతా.

విశ్రాంతి ముగింపుకొచ్చింది. అయ్యగారు ముందు గదిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి, చూపుడువేలు గాల్లో లేస్తోంది. ప్రసంగం పొదుగుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

"ఏం చెబుతారు ఆదివారం?"

"ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకున్నానో చెప్పమన్నారు పెద్దలు. విశ్రాంతి, కుటుంబం, విశ్వాసం."

"కుటుంబం అంటే?"

"వింటావుగా."

"అమ్మాయి సంగతి..."

"నాకు తెలియదా?" అని విసుక్కుని మళ్ళీ నడవసాగాడు. తెలుసన్నాడో, నువ్వు చెప్పక్కర్లేదన్నాడో ఆమెకు తేలలేదు.

ఆ ఆదివారం గుడి కిటకిటలాడింది. అదనంగా కుర్చీలు వేశారు. బాగుచేసిన కుర్చీ కూడా పట్టుకొచ్చి వేద్దామని ఎవరో అంటే పాస్టరమ్మ ఇవ్వలేదు. కూతురు వచ్చింది. తండ్రి రమ్మన్నాడట. పోయి పోయి మూడో బెంచీలోనే కూర్చుంది. తల్లికేసి చూసి చిన్నగా నవ్వింది. పాస్టరమ్మ తిరిగి నవ్వలేకపోయింది.

ఆయన బాగా మాట్లాడాడు. ఆ మాటా ఒప్పుకోవాలి. విశ్రాంతి గురించి చెబుతూ తన గురకను తానే వెక్కిరించుకుని నవ్వించాడు. సొంత ఇంట్లో కుళాయి ఎక్కడుందో తెలియని వాణ్ణి అని ఒప్పుకున్నాడు. గడియారం సైతం మణికట్టు మరిచిపోయాడు. తర్వాత ఆయన గొంతు తగ్గింది. మైకుకు దగ్గరగా వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ తగ్గడం ఎక్కడికి పోతుందో ఆ గుడిలో ఇద్దరికే తెలుసు.

"నాకు తెలిసిన ఒక స్త్రీ ఉంది," అన్నాడు అయ్యగారు.

తలలు మూడో బెంచీ వైపు తిరిగాయి. కూతురి మొహం తెల్లబోయింది. కింద పెట్టిన సంచీ కోసం చేత్తో వెతుకుతోంది.

"ఎవరికీ చెప్పుకోలేని బరువు మోస్తూ..."

పాస్టరమ్మ వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. ముగింపు పాట. శబ్దం పెంచే మీట చివరిదాకా తిప్పింది. మొదటి చరణం రాగం గుడి గోడలకు కొట్టుకుంది. జనం ఉలిక్కిపడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, అయినా లేచారు. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళకు పట్టేసి ఉంటుంది. లేచినవాళ్ళు పాడక ఏం చేస్తారు, పాడారు. అయ్యగారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆమెకేసి చూశాడు. ఆమె ఆయన్ని చూడలేదు. చరణం తర్వాత చరణం, ఒక్కటీ వదలకుండా, కసిదీరా వాయించింది. పాట అయ్యాక ఇక చెప్పడానికేం లేదు. ఆయన చేతులెత్తి దీవెన పలికి దిగిపోయాడు. గడియారం తన గడియారాన్ని, ఆగిందేమోనని, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

ఆమె ఇంటికొచ్చేసరికి కూతురు వంటింట్లో నిలబడి ఉంది. సంచీ భుజానికే ఉంది. వెనకే అయ్యగారు వచ్చాడు. మొహం జేవురించి ఉంది.

"ఏం పని చేశావు నువ్వు? నలుగురిలో నా పరువు తీశావు."

"మీరు దీని పరువు తీయకుండా ఆపాను."

"దీని గురించి చెప్పబోతున్నానని ఎవరన్నారు నీకు? మాటిచ్చాను నేను. చస్తే చెప్పను." కూతురి వైపు తిరిగాడు. "నీ గురించి కాదమ్మా." మళ్ళీ భార్య వైపు తిరిగాడు. "నీ గురించి చెప్పబోయాను. నేను పడుకుని ఉంటే ఈ ఇంటినీ సంఘాన్నీ మోసింది నువ్వు. అది అందరికీ తెలియాలనుకున్నాను. మూడు నెలలు ఒక్క మాట విసుక్కోకుండా, నవ్వుతూ..."

కూతురు తల్లి వంక చూసింది. పాస్టరమ్మ చేతిలోని చెంగు వదిలేసింది.

"విసుక్కోలేదా?"

"విసుక్కోవడం నేను చూడలేదు."

"చూడలేదు. అదీ మాట. గిన్నెలడగండి చెబుతాయి. ఈ తలుపడగండి. ప్రతి రోజూ విసుక్కున్నాను. మీ మీద, మీ పెద్దల మీద, ఆ గడియారం మీద, ఒక్క మాట ఒక్క మాట అంటూ వచ్చే ప్రతి మనిషి మీద. నవ్వాను, ఎందుకంటే నవ్వకపోతే అదో వార్త. మీకు తెలిసిన ఆ స్త్రీ ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు."

"పొగుడుదామనుకున్నాను," అన్నాడాయన. ఇప్పుడు గొంతులో కోపం లేదు.

"నన్ను అడిగారా?"

"పొగడ్డానికి కూడా అడగాలా?"

"అడగాలి. మీరు పొగిడితే జనం కళ్ళు తుడుచుకుంటారు, నాకు చప్పట్లు కొడతారు, బయటికి పోతూ ఇంకో ఇద్దరు ప్రసంగీకులకు భోజనం చెప్పిపోతారు. నా లోపల ఉన్నదానికి పేరు భయం అనుకున్నా, నొప్పి అనుకున్నా, మంచితనం అనుకున్నా, అది నాది. అమ్మాయి భయాలూ ఏడుపులూ అమ్మాయివి. మీరు వేదికెక్కి పంచిపెట్టడానికి మేం మీ సొత్తు కాదు."

కూతురు సంచీ భుజం మీంచి తీసి కింద పెట్టింది. పెరట్లోంచి కుర్చీ తెచ్చి తల్లి వెనక వేసింది. పాస్టరమ్మ దాని కాలు వైపు ఒకసారి అనుమానంగా చూసి, కూర్చుంది. ఊగలేదు.

అప్పుడే తలుపు చప్పుడైంది. ఆమె అలవాటుగా లేవబోయి, మళ్ళీ కూర్చుంది. అయ్యగారు ఒక క్షణం అటూ ఇటూ చూసి, తానే వెళ్ళి తీశాడు.

"అయ్యగారా? మిమ్మల్నెందుకులెండి కదిలించడం," అంటోంది బయట ఒక ఆడగొంతు. "అమ్మగారిని ఒక్కసారి పిలవండి. ఒక్క మాట ప్రార్థన చేయించుకుని పోతాను."

ఆయన తలుపు పట్టుకునే వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె గురించి ఎవరికైనా ఒక మాట చెప్పే ముందు ఆయన అలా చూడటం అదే మొదలు.

"ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"లేనని అబద్ధమాడకండి," అంది పాస్టరమ్మ. "ఉన్నాను, రానని చెప్పండి."

ఆయన తిరిగి బయటికి చూసి, అంతే చెప్పాడు. ముందొక మాట గానీ వెనకొక మాట గానీ కలపలేదు.